వాంతి చేయించకండి, వెంటనే బయల్దేరండి

రెండేళ్ల బాబు కూల్‌డ్రింక్ సీసాలో పోసి ఉంచిన బాత్రూమ్ క్లీనర్ ఒక గుక్క మింగాడని, ఉప్పునీళ్లు పట్టి కక్కించమని ఇంట్లో పెద్దవాళ్లు అంటున్నారని రాశారు. దయచేసి ఆ పని చేయకండి. లోపలికి దిగేటప్పుడు గొంతును కాల్చిన యాసిడ్, పైకి వచ్చేటప్పుడు మళ్లీ కాలుస్తుంది. పైగా పసివాడికి ఉప్పు ఎక్కువైతే అదే ఇంకో విషం.

ఇప్పుడు ఆడుకుంటున్నాడు కదా అని ఆగకండి. పెదవులు మామూలుగానే ఉన్నా లోపల అన్నవాహిక కాలి ఉండొచ్చు. నోట్లో మిగిలింది తడిగుడ్డతో తుడిచి, చొక్కా మీద ఒలికితే విప్పి ఒళ్లు కడిగి, నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. నిమ్మరసం లాంటి విరుగుళ్లేవీ వద్దు. ఊపిరి కష్టమైతే అంబులెన్స్ పిలవండి. మత్తుగా ఉంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. క్లీనర్ అసలు డబ్బా లేబుల్‌తో సహా పట్టుకెళ్లండి, ఎంత తాగాడో, ఎన్నింటికో చెప్పండి. డాక్టర్‌కి అన్నిటికన్నా పనికొచ్చేది అదే.

మా పాప కూడా ఇలాగే నీళ్ల సీసాలో ఉన్న ఫినాయిల్ మూత తీసి నోటి దాకా తెచ్చింది. ఆ రోజు నా చేతులు వణికిన వణుకు ఇంకా గుర్తుంది. అప్పటి నుంచి ఏ క్లీనర్‌నీ తాగే సీసాలోకి మార్చలేదు. సింక్ కింది అలమర నుంచి అన్నీ తీసి పై అరలో పెట్టి తాళం వేశాను.