మీ జట్టు ఏది? ఆస్ట్రేలియాకు కొత్తగా వచ్చినవారి ఫుట్‌బాల్ సందేహాలు

మెల్‌బోర్న్‌కు కొత్తగా వచ్చిన మనవాళ్లు ఇల్లు, కారు, పిల్లల బడి వంటి సందేహాలన్నీ తీరాక కాస్త మొహమాటపడుతూ అడిగే ప్రశ్న ఒకటుంది: "ఆఫీసులో ప్రతివాళ్లూ మీ జట్టు ఏదని అడుగుతున్నారండీ, ఏం చెప్పమంటారు?" క్రికెట్ తప్ప మరేదీ చూడనని చెప్పి తప్పించుకునేవారే ఎక్కువ. అందులో తప్పేమీ లేదు గానీ, మార్చి నుంచి సెప్టెంబరు దాకా సోమవారం ఉదయం కాఫీ దగ్గర మాటలన్నీ ఆ క్లబ్బుల చుట్టూనే తిరుగుతాయి కనుక, ఏడాదిలో సగం కాలం మీరు పక్కన నిలబడి వినవలసి వస్తుంది. నేను చెప్పే సలహా ఒకటే: పాయింట్ల పట్టికలో పైనున్న క్లబ్బును కాక, మీరు కాపురముంటున్న ప్రాంతపు క్లబ్బును ఎంచుకోండి, ఎంచుకున్నాక మార్చకండి.

ముందుగా మీ నగరంలో ఫుట్‌బాల్ అంటే ఏ ఆటో తెలుసుకోవాలి. మెల్‌బోర్న్, అడిలైడ్, పెర్త్, హోబార్ట్‌లలో 'ఫుటీ' అంటే ఆస్ట్రేలియన్ రూల్స్, దాని లీగ్ ఏఎఫ్ఎల్. సిడ్నీ, బ్రిస్బేన్‌లలో అదే మాటకు రగ్బీ లీగ్ అని అర్థం, దాని పోటీ ఎన్నార్ఎల్. మనం చిన్నప్పటి నుంచి ఫుట్‌బాల్ అని పిలిచే ఆటను ఇక్కడ ఎక్కువమంది సాకర్ అంటారు, దాని జాతీయ పోటీ ఏ-లీగ్. నేను మెల్‌బోర్న్ పడమటి శివార్లలో ఉంటాను కనుక ఏఎఫ్ఎల్ గురించే ఎక్కువ చెబుతాను.

ఏఎఫ్ఎల్‌ను మొదటిసారి చూసేవారికి అంతా గందరగోళంగానే ఉంటుంది. క్రికెట్ మైదానమంత విశాలమైన గడ్డి మీద ఒక్కో పక్షాన 18 మంది, కోలగా ఉండే బంతి, ఆఫ్‌సైడ్ అన్న ఊసే లేదు. బంతిని విసరకూడదు. కాలితో తన్నాలి, లేదా ఒక చేత పట్టుకుని రెండో చేతి పిడికిలితో కొట్టి తోటివాడికి అందించాలి. కనీసం 15 మీటర్ల దూరం నుంచి తన్నిన బంతిని మధ్యలో ఎవరూ తాకకుండా, నేల మీద పడకముందే పట్టుకుంటే దాన్ని మార్క్ అంటారు. అలా పట్టినవాడికి తీరికగా తన్నే అవకాశం ఇస్తారు. మైదానం రెండు చివర్లా నాలుగేసి స్తంభాలుంటాయి. మధ్యనున్న రెండు పొడవాటి స్తంభాల నడుమ నుంచి తన్నితే గోల్, అంటే 6 పాయింట్లు; పొడవాటి స్తంభానికీ పక్కనున్న పొట్టి స్తంభానికీ నడుమ నుంచి పోతే బిహైండ్, అంటే 1 పాయింటు. స్కోరుబోర్డు మీద 12.8 (80) అని కనిపిస్తే అది దశాంశం కాదు: 12 గోల్స్, 8 బిహైండ్లు, వెరసి 80. ఈ లెక్క పట్టుబడితే చాలు, మిగిలిన నియమాలు చూడగా చూడగా అవే వస్తాయి. పుట్టినప్పటి నుంచి చూస్తున్నవారే అంపైర్ నిర్ణయాల మీద ప్రతి వారం వాదులాడుకుంటారు కనుక, మీకు అర్థం కాకపోతే చిన్నతనమేమీ లేదు.

ప్రాంతపు క్లబ్బే ఎందుకని మీరు అడగవచ్చు. లీగ్‌లోని 18 క్లబ్బుల్లో పది మన విక్టోరియా రాష్ట్రానివి; వాటిలో తొమ్మిది మెల్‌బోర్న్‌వి, పదోది జీలాంగ్‌ది. కార్ల్‌టన్, కాలింగ్‌వుడ్, రిచ్‌మండ్, ఎసెండన్, హాథార్న్ అన్నవి మనం రోజూ రైల్లో దాటిపోయే పేటల పేర్లే. 1897లో విక్టోరియా లీగ్‌గా మొదలై 1990లో ఏఎఫ్ఎల్‌గా పేరు మార్చుకున్న ఈ పోటీలో ఆటలు పేట మైదానాల నుంచి పెద్ద స్టేడియాలకు ఎప్పుడో తరలిపోయినా, పేట మీది అభిమానం మాత్రం తాతల నుంచి మనవలకు అందుతూనే ఉంది. క్లబ్బు చేజారితే ఎలా ఉంటుందో ఇక్కడివారు చూశారు: సౌత్ మెల్‌బోర్న్ క్లబ్బు 1982లో సిడ్నీకి వెళ్లిపోయింది, ఫిట్జ్‌రాయ్ 1996 సీజన్ ముగిశాక బ్రిస్బేన్ క్లబ్బులో కలిసిపోయింది. 1989లో ఫుట్స్‌క్రే క్లబ్బును ఫిట్జ్‌రాయ్‌తో కలిపేయాలని లీగ్ నిర్ణయించినప్పుడు, పడమటి పేటల్లోని మామూలు కుటుంబాలు చందాలు పోగుచేసి ఆ విలీనాన్ని అడ్డుకున్నాయి. ఆ క్లబ్బే నేటి వెస్టర్న్ బుల్‌డాగ్స్. 1954లో ఒక్కసారి కప్పు గెలిచాక మళ్లీ గెలవడానికి 62 ఏళ్లు పట్టింది; 2016లో పట్టికలో ఏడో స్థానంలో నిలిచి కూడా కప్పు ఎత్తుకుపోయారు. పడమటి శివార్లయిన టార్నీట్, ట్రుగనీనా, పాయింట్ కుక్ ప్రాంతాల్లో ఇల్లు తీసుకున్న తెలుగు కుటుంబాలకు ఇంతకంటే తగిన క్లబ్బు నాకు కనిపించదు, పక్షపాతమంటే ఒప్పుకుంటాను. మహిళల లీగ్ ఆటలను బుల్‌డాగ్స్ పాత మైదానమైన విటెన్ ఓవల్‌లో, హద్దు గీతకు దగ్గరగా నిలబడి చూడవచ్చు. మొదటిసారి వెళ్లేవారికి పెద్ద స్టేడియం కంటే అదే మంచిది.

ఇక్కడి ఎక్కువ ఏఎఫ్ఎల్ క్లబ్బులకు ఐపీఎల్ జట్లకున్నట్టు ప్రైవేటు యజమాని ఉండడు. అవి సభ్యుల సంస్థలు. డబ్బు కట్టి సభ్యత్వం తీసుకున్నవారు ఆటలు చూడటమే కాక, క్లబ్బు బోర్డు ఎన్నికల్లో ఓటు కూడా వేస్తారు. సీజన్ మొత్తానికి కాకుండా కొన్ని ఆటలకే పనికొచ్చే చవక సభ్యత్వాలూ, పిల్లల సభ్యత్వాలూ ఉంటాయి కనుక, మొదటి ఏడాదే పెద్ద మొత్తం పెట్టనక్కరలేదు.

స్టేడియాల విషయానికి వస్తే, మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్ మనవారికి కొత్తేమీ కాదు. 2024 డిసెంబరు బాక్సింగ్ డే టెస్టులో విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి శతకం కొట్టింది అక్కడే. అయితే ఆ మైదానం ఏడాదిలో ఎక్కువ వారాలు పనిచేసేది ఫుటీ కోసమే. 1970 గ్రాండ్ ఫైనల్‌కు 1,21,696 మంది వచ్చారు. కుర్చీలు పెరిగి నిలుచునే చోటు తగ్గిన ఇప్పటి కాలంలో లక్షమంది పడతారు. టికెట్టు కొనేటప్పుడు మెంబర్స్ రిజర్వ్ అన్న భాగాన్ని చూసి ఆశపడకండి. అది మెల్‌బోర్న్ క్రికెట్ క్లబ్బు సభ్యులది, దాని నిరీక్షణ జాబితాలో రెండు లక్షలకు పైగా పేర్లున్నాయి. పుట్టిన బిడ్డ పేరు నమోదు చేయించే తల్లిదండ్రులను ఆఫీసులోనే చూస్తారు. మొదటి ఆటకు పై అంతస్తులో కూర్చోండి: ఆటగాళ్లు చిన్నగా కనిపించినా, ఎవరు ఎటు పరుగెడుతున్నారో మొత్తం మైదానం కళ్ల ముందు ఉండటంతో ఆట తొందరగా అర్థమవుతుంది. గోల్ స్తంభాల వెనుక కింది వరుసలు చీర్ స్క్వాడ్‌లవి. పెద్ద కాగితపు బ్యానరు మీద నినాదం రాసి నిలబెట్టేది వారే. ఆట మొదలయ్యే ముందు ఆటగాళ్లు దాన్ని చించుకుంటూ మైదానంలోకి వస్తారు, వారం పడ్డ శ్రమ అంతా అయిదు క్షణాల్లో ముక్కలైపోతుంది.

టార్నీట్ నుంచి వచ్చేవారికి రైలు సదర్న్ క్రాస్‌లో ఆగుతుంది. నగరంలోని మరో ఫుటీ మైదానమైన మార్వెల్ స్టేడియానికి అక్కడి నుంచి నడక వంతెన దాటితే చాలు. క్రికెట్ గ్రౌండ్‌కు మాత్రం రైలు మారి రిచ్‌మండ్‌లో గానీ జోలిమాంట్‌లో గానీ దిగాలి. మార్వెల్‌కు మూసే పైకప్పు ఉంది. క్రికెట్ గ్రౌండ్‌లో జులై రాత్రి చలిగాలి ఎముకలు కొరుకుతుంది కనుక పిల్లలకు టోపీలు మరచిపోకండి. ఇంటి నుంచి పులిహోర, సమోసాలు తెచ్చుకోవడానికి అభ్యంతరం ఉండదు, గాజు సీసాలూ మద్యమూ మాత్రం లోపలికి రానివ్వరు. గొడ్డుమాంసం తిననివారు ఒకటి గుర్తుంచుకోవాలి: అక్కడ అందరూ సాస్ వేసుకుని తినే 'మీట్ పై' అనే మాంసం కూరిన వంటకంలో ఉండేది సాధారణంగా అదే. శాకాహారులకు వేడి చిప్స్ ఎప్పుడూ దొరుకుతాయి.

ఏఎఫ్ఎల్‌లో రెండు జట్ల అభిమానులను వేరు చేసి కూర్చోబెట్టరు. పక్కసీటులోని పెద్దావిడ మీ జట్టును నాలుగు క్వార్టర్లూ తిట్టి, చివర్లో మీ పిల్లలకు లాలీలు (మిఠాయి బిళ్లలు) ఇచ్చి వెళ్లడం ఇక్కడ మామూలే. అయితే అంతా సవ్యమేనని చెప్పను. ఆదివాసీ ఆటగాడు ఆడం గుడ్స్‌ను 2015లో ప్రేక్షకులు ఆట తర్వాత ఆటలో గేలి చేసి మైదానం నుంచే పంపేశారు; లీగ్, 18 క్లబ్బులు కలిసి క్షమాపణ చెప్పింది 2019లో. మీ పట్ల గానీ ఎవరి పట్ల గానీ జాత్యహంకారపు మాట వినబడితే ఎదురు గొడవకు దిగకండి, ఊరుకోనూ వద్దు: ఫిర్యాదు సందేశం పంపే నంబరును స్టేడియం తెరల మీద చూపిస్తారు, సీటు నంబరుతో పంపితే సిబ్బంది వస్తారు.

సాకర్ గ్యాలరీ వాతావరణం వేరు. ఏఏఎంఐ పార్క్‌లో మెల్‌బోర్న్ విక్టరీ ఆట చూస్తే ఒక చివర డప్పులు, జెండాలు, ఆట సాంతం నిలబడి పాటలు పాడే గుంపు కనిపిస్తుంది. పిల్లలతో వెళ్లేవారు పక్క స్టాండ్లలో టికెట్టు తీసుకోవడం మంచిది. 2022 డిసెంబరులో విక్టరీ, మెల్‌బోర్న్ సిటీ జట్ల ఆటలో కొందరు మైదానంలోకి దూకి గోల్‌కీపర్‌ను గాయపరచడంతో ఆట ఆగిపోయింది. విద్యార్థులకు ప్రత్యేకంగా చెబుతున్నాను: ఎవరైనా మంటల ఫ్లేర్ చేతికిచ్చినా పట్టుకోకండి, అది నేరం, తర్వాతి వీసా దరఖాస్తులో నేర చరిత్ర గురించి అడుగుతారు.

సాకర్ క్లబ్బుల చరిత్ర మాత్రం వలస వచ్చినవారిదే. గ్రీకులు సౌత్ మెల్‌బోర్న్ హెల్లాస్‌ను, ఇటాలియన్లు సిడ్నీలో మార్కోనీని, క్రొయేషియన్లు మెల్‌బోర్న్ నైట్స్‌ను పెట్టుకుని, 1977లో మొదలైన జాతీయ లీగ్‌ను 2004 దాకా మోశారు. 2005లో ఏ-లీగ్ వచ్చినప్పుడు ఆ క్లబ్బులకు చోటు దక్కలేదు. ఈనాటికీ రాష్ట్ర స్థాయి లీగ్‌లలో, చవక టికెట్లతో, సువ్లాకీ అనే గ్రీకు కాల్చిన మాంసపు పొగల మధ్య ఆడుతున్నాయి. ఇంగ్లండ్ క్లబ్బు టోటెన్‌హామ్‌కు 2025లో యూరప్ క్లబ్బుల పోటీ అయిన యూరోపా లీగ్ గెలిపించిన ఏంజ్ పోస్టకోగ్లూ సౌత్ మెల్‌బోర్న్‌లో ఆడి, శిక్షణ ఇచ్చి పైకి వచ్చినవాడే. మనకూ ఒక బంధం ఉంది. 1956 ఒలింపిక్స్‌లో భారత జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్‌కు వెళ్లింది మెల్‌బోర్న్‌లోని ఒలింపిక్ పార్క్‌లోనే; కోచ్ హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం, జట్టులో సికింద్రాబాద్ నుంచి వచ్చిన తులసీదాస్ బలరాం ఉన్నాడు. ఆ స్టేడియం కూల్చేశారు. ఏఏఎంఐ పార్క్ పక్కన ఆ స్థలంలో ఇప్పుడు కాలింగ్‌వుడ్ జట్టు సాధన చేస్తుంది.

సిడ్నీలో పారమాటా, వెస్ట్‌మీడ్, వెంట్‌వర్త్‌విల్ పరిసరాల్లో ఉండేవారికి ఎంపిక సులువు: 2019లో తెరిచిన పారమాటా స్టేడియంలో రగ్బీ లీగ్‌కు ఈల్స్, సాకర్‌కు వెస్టర్న్ సిడ్నీ వాండరర్స్ ఆడతాయి. వాండరర్స్ 2012లో పుట్టి 2014లోనే ఆసియా చాంపియన్స్ లీగ్ గెలిచింది.

ఇక పిల్లల సంగతి. ప్రాథమిక పాఠశాల వయసువారికి ఏఎఫ్ఎల్ ఆట నేర్పే ఆస్కిక్ అనే కార్యక్రమం చాలా పేట మైదానాల్లో వారాంతపు ఉదయాల్లో నడుస్తుంది. ఆడపిల్లలూ మగపిల్లలూ కలిసే ఆడతారు, ఒకరినొకరు పడగొట్టే టాకిల్స్ ఉండవు. మనవాళ్లలో కొందరు పిల్లవాణ్ణి దింపి కారులో కూర్చుని ఫోను చూసుకుంటారు. అలా చేయకండి. ఇక్కడ క్లబ్బు నడిచేది తల్లిదండ్రుల చేతుల మీదే: ఒకరు నారింజలు నాలుగు ముక్కలుగా కోసి తెస్తారు, ఒకరు సాసేజ్‌లు కాలుస్తారు, పెద్ద పిల్లల ఆటల్లో ఒకరు గోల్ అంపైరుగా నిలబడి జెండాలు ఊపుతారు. గోల్‌కు రెండు జెండాలు, బిహైండ్‌కు ఒకటి. ఆ పనికి భాష అక్కరలేదు, కనుక కొత్తవారు దానికే పేరు ఇవ్వడం మేలు. నమోదు సీజన్ మొదలవకముందే తెరుస్తారు. రాష్ట్ర ప్రభుత్వాలు తక్కువ ఆదాయపు కుటుంబాల పిల్లల క్రీడా రుసుముకు వోచర్లు ఇచ్చే పథకాలు నడుపుతుంటాయి, కాకపోతే అర్హతలో వీసా షరతులు ఉండవచ్చు. డబ్బు కట్టేముందు క్లబ్బు కార్యదర్శిని అడగండి.