సీటు రాడ్డు కోయించకండి, ముందు పది రోజులు ఆగండి

పాత ఇనుప సైకిలు సీటు రాడ్డు ఫ్రేములో బిగుసుకుపోయిందనీ, కోయించడం తప్ప దారి లేదా అనీ అడిగారు. దారి ఉంది. నా అనుభవంలో రంపం దాకా వెళ్లేది ఓపిక చాలకనే.

మాది మచిలీపట్నం, ఉప్పుగాలికి ఇనుము నిలవని ఊరు. మా నాన్నగారి 22 అంగుళాల సైకిలు సీటును మా అమ్మాయి ఎత్తుకు దించుదామని చూస్తే, ఏళ్ల తరబడి ఎవరూ ముట్టని ఆ రాడ్డు పిసరంత కూడా కదలలేదు. దుకాణానికి తీసుకువెళితే అక్కడి మెకానిక్ ఒక్క చుక్క నూనె అయినా వేయకుండా సుత్తితో నాలుగు దెబ్బలు వేసి, రాడ్డు తల నలిగిపోయాక, ఇక కోయవలసిందేనన్నాడు. సైకిళ్లతోనే బతికేవారు ఇంత తొందరపడటం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

తుప్పు తాను తిన్న ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది; రాడ్డుకూ గొట్టానికీ మధ్య ఉండే వెంట్రుకవాసి సందును పూడ్చేది అదే. ఆ సందులోకి నూనె ఇంకాలంటే రోజులు పడుతుంది. పైనుంచి పోసినది సీటు బోల్టు దగ్గరే ఆగిపోతున్నందువల్ల, పెడలు కడ్డీలను ఇరుసుకు బిగించి ఉంచే కాటరు పిన్నులు తీసి, పెడళ్ల ఇరుసు విప్పి, సైకిలును తలకిందులుగా నిలిపి, సీటు గొట్టం కింది నోట్లోంచి తొమ్మిది రోజులపాటు రోజూ కొద్దికొద్దిగా డీజిలు పోశాను. పదో రోజు తెలిసినవారి లేతు షాపులో రాడ్డు తలను వైసులో బిగించి, నేనూ మా తమ్ముడూ ఫ్రేమును చెరోవైపు పట్టుకుని అటూ ఇటూ తిప్పాం. లాగలేదు, తిప్పాం. అరగంటకు కిర్రుమని చప్పుడు వచ్చింది. గోధుమరంగు పొడి రాల్చుకుంటూ రాడ్డు బయటికి వచ్చింది. వైసు పళ్లు దిగి అది పాడైంది, కానీ రాడ్డు ఏ దుకాణంలోనైనా దొరుకుతుంది, ఆ ఫ్రేము దొరకదు.

మీ రాడ్డు అల్యూమినియందైతే మాత్రం గొట్టాన్ని వేడిచేయవద్దు. వేడికి అల్యూమినియం ఇనుము కంటే దాదాపు రెండింతలు వ్యాకోచించి ఇంకా బిగుస్తుంది కాబట్టి, రాడ్డు చుట్టూ ఐసు కట్టి చల్లబరచడమే మేలు. రాడ్డు ఏదైనా సరే, డీజిలు పోసిన గొట్టం దగ్గరికి మంట తేవద్దు.

గొట్టం లోపలిభాగాన్ని కర్రకు చుట్టిన గరుకు కాగితంతో రుద్ది, కొత్త రాడ్డుకు గ్రీజు పూసి బిగించాను. ఏటా రోహిణి కార్తెలో, వానలకు ముందు, దాన్ని ఒకసారి బయటికి తీసి తుడిచి మళ్లీ గ్రీజు పూస్తున్నాను. పది నిమిషాల పని.