మంచాన పడ్డ అమ్మకు ప్రభుత్వ సాయం దొరుకుతుందా?

అనంతపురంలో పక్షవాతంతో మంచాన పడ్డ అమ్మకు ఏ సాయం దొరుకుతుందని అడిగారు, మీరేమో బెంగళూరులో.

ముందు పింఛను చూడండి. వృద్ధాప్య పింఛను నెలకు 4000 రూపాయలు. పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైతే 15000. దీనికి డాక్టర్ల ధ్రువీకరణ కావాలి, గ్రామ లేదా వార్డు సచివాలయంలో అడగండి. రెండు గంటలకోసారి పక్కకు తిప్పి పడుకోబెట్టకపోతే వీపున పుండ్లు పడతాయి. ఆ పనికి మనిషిని పెట్టుకోవాలంటే వృద్ధాప్య పింఛను 4000 ఏ మూలకు?

నిరుపేద వృద్ధుల కోసం జిల్లాకు ఒకటైనా, 150 మందికి చోటుండేలా రాష్ట్ర ప్రభుత్వం ఆశ్రమం పెట్టవచ్చని తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం (2007) చెబుతుంది. ‘పెట్టాలి’ అని ఉండాల్సింది. ఎక్కడ చేర్చినా, రాత్రిపూట నర్సు ఉంటుందో లేదో కనుక్కోండి. వివరాలకు వృద్ధుల హెల్ప్‌లైన్ 14567, ఉచితం.