‘వాడుకరి పరీక్ష’లో పరీక్ష ఎవరికి?

సందేహం: మా వెబ్‌సైటులో లింకు మీద మౌసు నిలపగానే ఆ పేజీ శీర్షిక, బొమ్మ, తొలి రెండు వాక్యాలు ఒక చిన్న పెట్టెలో కనబడే ఏర్పాటు చేస్తున్నాం. ఐదుగురి చేత ఒక్క పూటలో వాడించి లోపాలు తెలుసుకోవాలనుకుంటున్నాం. ఆహ్వానంలో ‘లింకు ముందుచూపుపై త్వరిత వాడుకరి పరీక్ష’ అని రాశాం. సరైనదేనా?

సమాధానం: ‘ముందుచూపు’ ఇక్కడ పనికిరాదు. రాబోయేదాన్ని ఊహించి జాగ్రత్తపడే గుణానికి ఆ మాట ఎప్పుడో స్థిరపడిపోయింది. తెలుగు వికీపీడియాలో వాడుకలో ఉన్న ‘మునుజూపు’ను తీసుకోండి. పొట్టిగా ఉంది, వేరే అర్థం అడ్డురాదు.

అసలు చిక్కు ‘వాడుకరి పరీక్ష’తోనే. రక్త పరీక్షలో పరీక్షించేది రక్తాన్ని, కంటి పరీక్షలో కంటిని. ఆ వరసలో వాడుకరి పరీక్ష అంటే వాడుకరినే పరీక్షిస్తారనిపిస్తుంది. మీరు పరీక్షించదలచింది పెట్టెను కదా! ఆహ్వానం చదివి బెదిరిన మనిషి, పెట్టె కనబడకపోతే తన చూపుదే తప్పనుకుని మాట్లాడకుండా ఊరుకుంటాడు. తక్కువ మందితో చేసే ఇలాంటి పరిశీలనకు ఐదుగురు చాలన్న మాట వెబ్‌సైట్ల వాడుక సౌలభ్య నిపుణుడు జాకబ్ నీల్సన్ 2000లో రాసిన వ్యాసంతో బాగా ప్రచారమైంది. ఉన్నదే ఐదుగురు కాబట్టి ఒక్కరు బిగుసుకుపోయినా మీరు గమనించదగిన వాళ్లలో ఐదో వంతు పోయినట్లే.

దీనికి తెలుగులో చక్కని క్రియ ఉంది. తొడిగి చూడు, అడిగి చూడు, తిని చూడు అంటాం. ఈ ‘చూడు’కు కంటితో పనిలేదు. చేసి, ఎలా ఉందో తేల్చుకోమని అర్థం. చొక్కా తొడిగి చూసినప్పుడు పరీక్ష చొక్కాకే, మనిషికి కాదు. అందుకని ‘మా లింకు మునుజూపును కాసేపు వాడి చూడండి’ అని రాయండి. ‘కాసేపు’ ఉంది కనుక ‘త్వరిత’ అక్కర్లేదు. అయితే దీన్ని ‘వాడిచూపు’ అని నామవాచకం చేయకండి, అది పదునైన చూపు అవుతుంది.

ప్రశ్నలు కూర్చేటప్పుడు కూడా ఇదే శ్రద్ధ కావాలి. ‘పెట్టె కనబడిందా?’ అంటే పెట్టె ఉందని మీరే చెప్పేసినట్లు. పైగా అలాంటి ప్రశ్నకు చాలామంది మర్యాద కోసమైనా అవునంటారు. ‘ఈ లింకు తెరవకుండానే ఆ పేజీ దేని గురించో చెప్పగలరేమో చూడండి’ అని పని అప్పగించి, మౌనంగా గమనించండి. మౌసు మాట కూడా ఎత్తవద్దు. అది వాళ్లంతట వాళ్లకు తట్టాలి.

చివరికి నివేదికలో ‘ఇద్దరు విఫలమయ్యారు’ అని మాత్రం రాయకండి. ‘పెట్టె ఇద్దరికి కనబడలేదు’ అని రాయండి. ఆ వాక్యంలో కర్త పెట్టె.