హకతాలో రామెన్ తినబోయే మేనల్లుడికి

చిరంజీవి చిన్నాకు అత్తయ్య ఆశీస్సులు.

జపాన్‌లోని క్యూషూ యూనివర్సిటీలో సీటు వచ్చిందని మీ నాన్న ఫోన్‌లో చెప్పగానే పొంగిపోయాను. ఆ వెంటనే ఇంకో మాట చెప్పాడు. దిగిన రాత్రే ముగ్గురు స్నేహితులతో హకతాలో యతాయి అనే రోడ్డు పక్క తిండి బండి దగ్గరికెళ్లి, ఒక్క గిన్నె రామెన్, అదే సూప్‌లో వేసిన నూడుల్స్, తెప్పించుకుని నలుగురూ రుచి చూస్తారట. ఇక నాకు మనసాగలేదు.

ఎయిర్‌పోర్టు నుంచి హకతా స్టేషన్‌కి సబ్‌వేలో ఐదు నిమిషాలే. కొన్ని రామెన్ షాపుల్లో తిండికి గుమ్మం దగ్గరున్న మెషీన్‌లో ముందే టికెట్ కొనాలి. టిప్పు ఇవ్వకు. బండి దగ్గర టాయిలెట్ ఉండదు, ముందే చూసుకో.

ఒక గిన్నె పంచుకోవడం మాత్రం వద్దు నాన్నా. మీ మామయ్య అక్కడ ఉద్యోగం చేసే రోజుల్లో హైదరాబాదు నుంచి ఆయన స్నేహితులు ముగ్గురు వచ్చారు. ఇరానీ హోటళ్లలో వన్ బై టూ చాయ్ తాగి పెరిగినవాళ్లు. నకసులో ఏటి పక్కన బండి దగ్గర కూర్చుని ముగ్గురికీ ఒకటే చెప్పారు. ఎనిమిది మంది ఒద్దికగా సర్దుకుంటే నిండిపోయే బల్ల అది. గిన్నె వచ్చాక ఫొటోలు, ఆ తర్వాత కబుర్లు. దారాల్లా సన్నగా ఉండే నూడుల్స్ ఆ వేడికి నాని, ఉబ్బి, ముద్దయిపోయాయి. వెనక వానలో ఒకే గొడుగు కింద ఇద్దరు ముసలివాళ్లు చోటు కోసం నిలబడే ఉన్నారు. బండాయన కోప్పడలేదు. మనిషికొకటి తీసుకోవాలని రాసిన కాగితం వైపు వేలు చూపించి తల వంచాడు. ఆ తల వంచడం చూసి వాళ్ల మొహాలు మాడిపోయాయి. ఆయన రోజూ సాయంత్రం బండి తెచ్చి నిలబెట్టుకుని, తెల్లారేలోపు విప్పి తీసుకుపోవాలి. ఆ కాసిని చోట్లే ఆయన రాత్రి సంపాదన.

అక్కడ కూర్చుని కాలక్షేపం చేసే తిండి కాదురా అది. నగహమా చేపల మార్కెట్‌లో పనివాళ్లకి తీరిక ఉండదు కాబట్టి, చిటికెలో ఉడికే సన్నటి నూడుల్స్ అలవాటయ్యాయి. ఎక్కువ వేస్తే నానిపోతాయని కొంచెమే వేస్తారు. చాలకపోతే, గిన్నెలో సూప్ ఉంచుకుని, నూడుల్స్ ఇంకా రెండు మూడు ముద్దలుండగానే ‘కయెదమా’ అను. వేడివేడిగా ఇంకో వాయి తెచ్చి అందులోనే వేస్తారు. నూడుల్స్ ఎంత గట్టిగా కావాలని అడిగితే మొదటిసారి ‘ఫుత్సూ’, అంటే మామూలుగా, చాలు. ‘హరిగనే’ అంటే దాదాపు పచ్చి పిండే, నీ కడుపు సంగతి నాకు తెలుసు.

చప్పుడు చేస్తూ తినకని చిన్నప్పుడు ఎన్నిసార్లు కసిరానో! అక్కడ హాయిగా జుర్రుకో. మొదట సూప్ ఉత్తిగా రుచి చూడు. నువ్వులు, ఎర్ర అల్లం, కారం కలిపిన తకనా అనే ఆవ ఆకు ఊరగాయ ఆ తర్వాతే. తకనా ఘాటు ముందే తగిలితే సూప్ రుచి తెలియదు. పంది ఎముకలు గంటల తరబడి తెర్లించి తెర్లించి, కొవ్వూ నీళ్లూ కలిసిపోయి పాలలా తెల్లబడేదాకా కాస్తారు. వాసన వీధి మొగలోనే కొడుతుంది, ముక్కు మూసుకోకు. మీలో పంది మాంసం తిననివాళ్లుంటే మాత్రం పైన ముక్కలు తీసేస్తే సరిపోదు, సూప్ అంతా అదే. ఆ పిల్లవాడికి ముందే చెప్పు.

ఇంకో మాట, ఇది గట్టిగా చెబుతున్నాను. ఆ సూప్ చివరిదాకా తాగకు. ఉప్పు చాలా ఎక్కువ. మా నాన్నకి బీపీ, మీ నాన్నకి బీపీ. మొన్న మీ నాన్న కళ్లు తిరిగి పడినప్పుడు నువ్వే కదా ఆసుపత్రికి తీసుకెళ్లావు? సూప్ వదిలేస్తే అక్కడెవరూ తప్పు పట్టరు, వాళ్లూ వదిలేస్తారు. రుచి కోసం నాలుగు చెంచాలు తాగు, చాలు.

తినగానే ‘గొచిసోసమా’ అని, అంటే తిండికి ధన్యవాదాలు చెప్పి లే. నలుగురికీ నాలుగు గిన్నెలకి సరిపడా డబ్బు నీ అకౌంట్లో వేస్తున్నాను. వద్దనకు.

మీ అత్తయ్య