నెలకు 80 గంటల లెక్క: తమ్ముడికి ఉత్తరం

తమ్ముడూ,

స్నాప్ ఆఫీసు నుంచి వచ్చిందని నువ్వు రాత్రి వాట్సాప్‌లో పెట్టిన కాగితం చదివాను. మరదలు కంగారు పడుతోందన్నావు. ముందు తనకి ఈ మాట చెప్పు: స్నాప్, అదే తిండి సరుకులకి అమెరికా ప్రభుత్వం ఇచ్చే సాయం, ఇంకా ఆగలేదు. ఆగకుండా చూసుకోవాలంటే ఏం చేయాలో చెప్పే కాగితమే అది. దాన్ని పారేయొద్దు, కవరుతో సహా దాచు.

"ఇన్నాళ్ళూ అడగనిది ఇప్పుడెందుకు అడుగుతున్నారు" అన్నావు. ఈ నియమం 1996 నుంచీ ఉంది. పని చేయగలిగి, చూసుకోవాల్సిన చిన్నపిల్లలు లేని పెద్దవాళ్ళు నెలకు 80 గంటలు పని చూపించాలి. లేకపోతే మూడేళ్ళలో 3 నెలలే ఇస్తారు. మొదట్లో ఇది 49 ఏళ్ళ దాకానే ఉండేది. 2023 చట్టంతో మెల్లగా 54కి పెరిగింది. 2025 జూలైలో వచ్చిన చట్టం దాన్ని 64 దాకా తీసుకెళ్ళింది. ఇంతకుముందు ఇంట్లో 18 ఏళ్ళలోపు పిల్లలుంటే వదిలేసేవాళ్ళు, ఇప్పుడు 14 లోపు ఉండాలి. నీకు 56, అమ్మాయికి 15. రెండు రకాలుగానూ నీకున్న మినహాయింపు పోయింది. ఇందులో నీ తప్పేమీ లేదు.

ఇక గంటల సంగతి. గ్యాస్ స్టేషన్‌లో వారానికి 12 గంటలే ఇస్తున్నారన్నావు, అంటే నెలకు సుమారు 48. ఇంకో 32 కావాలి, వారానికి 8 అన్నమాట. అవన్నీ జీతం వచ్చే పనే కానక్కర్లేదు. ఆఫీసువాళ్ళు ఒప్పుకున్న ట్రైనింగ్, లేనివాళ్ళకి ఉచితంగా సరుకులిచ్చే ఫుడ్ పాంట్రీలో వాలంటీర్ పని, అన్నీ కలిపి 80 అయితే చాలు. ఊబర్ నడిపినా చెల్లుతుంది. కానీ ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో ఉద్యోగాలకి అప్లై చేసిన గంటలు మామూలుగా లెక్కలోకి రావు. ఈ సంగతి తెలియక చాలామంది నష్టపోతారు.

గుళ్ళో అన్నదానానికి ఎలాగూ వెళ్తున్నావు కదా, ఆ గంటలు చెల్లుతాయా అని ఆఫీసులో నీ కేసు చూసే కేస్‌వర్కర్‌ని ముందే అడుగు. సరేనంటే ఒక షీట్ పెట్టుకో: తేదీ, ఎన్నింటికి వచ్చావు, ఎన్నింటికి వెళ్ళావు, ఏం పని చేశావు, అక్కడి కోఆర్డినేటర్ సంతకం, ఫోన్ నంబర్. ఏ రోజు సంతకం ఆ రోజే పెట్టించు. నెలాఖరున అన్నీ కలిపి పెట్టించుకుందామంటే ఆయన ఊళ్ళో ఉండడు, నీకు గుర్తుండదు. ఆదివారాలు గుళ్ళో కూర్చుని మనవాళ్ళకి ఈ ఫారాలు నింపిపెడుతుంటాను. పని చేసి కూడా కాగితం లేక స్నాప్ పోగొట్టుకున్నవాళ్ళని చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

ఓనర్ కొన్ని గంటలకి క్యాష్ ఇస్తున్నాడన్నావు. నువ్వు నెలకు ఎన్ని గంటలు చేస్తున్నావో ఒక లెటర్ రాసివ్వమని మర్యాదగా అడుగు. ఇవ్వనంటే ఆ సంగతీ కేస్‌వర్కర్‌కి చెప్పు, వాళ్ళే ఫోన్ చేసి కనుక్కునే పద్ధతి ఉంది. క్యాష్‌ని మాత్రం దాచొద్దు.

మరదలి మోకాళ్ళ విషయం నాకు ఎక్కువ ముఖ్యం. ఒంట్లో బాగాలేక పని చేయలేనివాళ్ళకి ఈ నియమం లేదు. అయితే డాక్టర్ "మోకాలి నొప్పి ఉంది" అని రాసిస్తే సరిపోదు. ఆ నొప్పి వల్ల తను పని చేసే స్థితిలో లేదని, ఎంతకాలం అలా ఉంటుందో కూడా రాయాలి. డాక్టర్ దగ్గరికి వెళ్ళేటప్పుడే కౌంటీ ఇచ్చే మెడికల్ ఫారం ఉంటే పట్టుకెళ్ళండి. తను సిగ్గుపడి "పర్లేదండీ, నడుస్తున్నాను" అనకుండా నువ్వు పక్కనే ఉండు.

ఒకవేళ ఒక నెల గంటలు తగ్గితే గాభరా పడకు. గంటలు లేకపోయినా మూడేళ్ళలో ఇచ్చే ఆ 3 నెలలూ వరసగానే రావాలని లేదు, కాబట్టి ఒక్కో నెలనీ జాగ్రత్తగా వాడుకో. గంటలు 80 కంటే తగ్గాయంటే ఆ నెల అయిపోయిన 10 రోజుల్లో చెప్పాలి. జ్వరంతో పడుకున్నా, కారు పాడైనా కారణం చెప్పు, దానికి వెసులుబాటు ఉంది. నీ భాగం ఆగినా అమ్మాయి భాగం ఆగదు. మళ్ళీ 30 రోజుల్లో 80 గంటలు చేస్తే నీకూ తిరిగి వస్తుంది. ఆఫీసు నిర్ణయం అన్యాయంగా ఉందనిపిస్తే హియరింగ్, అంటే విచారణ, అడిగే హక్కు నీకుంది, 90 రోజుల దాకా గడువు. ఆపేస్తామన్న తేదీకి ముందే అడిగితే తేలేదాకా స్నాప్ వస్తూనే ఉంటుంది. ఓడిపోతే మాత్రం ఆ సొమ్ము తిరిగి కట్టమంటారు.

వాట్సాప్ గ్రూపులో ఎవరో "అసలు మనవాళ్ళకి ఇవ్వరు" అన్నారట. హెచ్1 ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్ళకి ఇవ్వరు, గ్రీన్ కార్డు పెద్దవాళ్ళు మామూలుగా 5 ఏళ్ళు ఆగాలి. నువ్వు సిటిజన్‌వి. ఇన్నేళ్ళు ఇక్కడ పని చేసి టాక్స్ కట్టినవాడివి, తలదించుకోవాల్సిన పని లేదు.

సోమవారం పొద్దున్నే ఆఫీసుకి ఫోన్ చెయ్యి. తెలుగులో మాట్లాడే దుబాసీ కావాలని అడుగు, డబ్బు తీసుకోరు. ఎవరితో మాట్లాడావో పేరు, టైము రాసుకో. పంపే ప్రతి కాగితానికీ ముందు ఒక ఫోటో తీసి నాకు పంపు. ఈ నెల జీతం వివరాలుండే చెక్ స్టబ్బులు రెండూ ఈ రాత్రికే పెట్టు, లెక్క నేను సరిచూస్తాను.

మీ అక్క