ఆ రిపోర్టులు ఎవరు తెరుస్తున్నారు బుజ్జీ?

బుజ్జీ,

సొంతంగా కంపెనీ పెడుతున్నావని మీ అమ్మ నిన్న ఫోన్‌లో చెప్పింది. వింటున్నంతసేపూ ఛాతీ పొంగిపోయింది. చివర్లో "మెయిల్ సెటప్ అంతా అయిపోయిందని పెద్దమ్మకి చెప్పమంది" అంది చూడు, అక్కడ నా నిద్ర ఎగిరిపోయింది. నీ పేరుతో ఇంకెవడో దొంగ మెయిల్ పంపితే ఆపే ఏర్పాటు, దాని గురించి వచ్చే రిపోర్టులు చదివే మనిషి, ఈ రెండూ అందులో ఉన్నాయా అని. ఎందుకో చెప్తాను, విసుక్కోకుండా చదువు.

నీకు తెలిసినవి ముందు గబగబా అనేస్తాను. డొమైన్ (మెయిల్ అడ్రస్‌లో @ తర్వాత వచ్చే పేరు) కొన్న అకౌంట్‌కి టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టు, ఆటో రెన్యూవల్ ఆన్ చెయ్యి. ఎస్‌పీఎఫ్ రికార్డు, అంటే నీ డొమైన్ పేరుతో మెయిల్ పంపే హక్కు ఏ సర్వర్లకుందో చెప్పే జాబితా, డొమైన్‌కి ఒక్కటే ఉండాలి. కొత్త సర్వీసు తీసుకున్నప్పుడల్లా పక్కన ఇంకోటి పెట్టావంటే రెండూ చెల్లవు. అందులో డీఎన్ఎస్ లుకప్‌లు (ఆ జాబితా చదవడానికి వేరే రికార్డుల్ని వెతకడాలు) 10 దాటకూడదు. డీకిమ్, అంటే మెయిల్ మీద పడే డిజిటల్ సంతకం, దాని కీ 2048 బిట్లది తీసుకో. ఎవరూ కాజెయ్యకుండా కొని పెట్టుకున్న డొమైన్లు ఉంటే, వాటి నుంచి మెయిలే రాదని ఎస్‌పీఎఫ్‌లో రాసి, డీమార్క్ రిజెక్ట్‌లో పెట్టెయ్యి, అదేమిటో ఇప్పుడే చెప్తాను.

ఇక డీమార్క్. ఎస్‌పీఎఫ్ చూసేది తెర వెనక ఉండే రిటర్న్ అడ్రస్‌ని, కంటికి కనపడే ఫ్రమ్‌ని కాదు. డీకిమ్ సంతకం ఏ డొమైన్ పేరుతోనైనా ఉండొచ్చు. ఈ రెంటిలో ఒక్కటైనా పాసై, ఫ్రమ్‌లో ఉన్న డొమైన్‌తో కలిసిందా లేదా అని అడిగేది డీమార్కే. కలవకపోతే ఏం చెయ్యాలో చెప్పడానికి మూడు మాటలున్నాయి: నన్ (ఏమీ చెయ్యొద్దు), క్వారంటైన్ (స్పామ్‌లో వెయ్యి), రిజెక్ట్ (తీసుకోకు). 2024 ఫిబ్రవరి నుంచి తమకి రోజుకి 5,000 మెయిళ్ళకి పైగా పంపేవాళ్ళకి జీమెయిల్ దీన్ని తప్పనిసరి చేసింది. కానీ ‘నన్’ ఉన్నా ఒప్పుకుంటుంది. అందుకే అందరూ నన్ పెట్టేసి చేతులు దులుపుకుంటున్నారు.

నేనూ అలాగే దులుపుకున్నాను. అప్పటికి ఆఫీసులో మెయిల్ సర్వర్లు చూసేది నేనొక్కదాన్నే. డీమార్క్ రికార్డు రాసి, పాలసీ నన్ అని పెట్టి, మా పేరుతో ఎక్కణ్ణుంచి ఎన్ని మెయిళ్ళు వచ్చాయో, పాసయ్యాయో లేదో మెయిల్ అందుకున్న సర్వీసులు పంపే రిపోర్టులు రావడానికి ఒక మెయిల్ బాక్స్ తెరిచాను. ఒక నెల చూసి గట్టి చేద్దామనుకున్నాను. ఆ నెల పద్నాలుగు నెలలైంది. మధ్యలో సర్వర్ మార్చాం, ఆడిట్ వచ్చింది, ఏదో ఒకటి. నిజం చెప్పాలంటే ఆ జిప్ ఫైళ్ళు విప్పి ఎక్స్‌ఎమ్‌ఎల్ చదవడానికి బద్ధకం.

ఒకరోజు మా పాత కస్టమర్ ఒకాయన ఫోన్ చేసి, "కొత్త బ్యాంక్ అకౌంట్‌లో వేశానమ్మా, అందిందా?" అన్నారు. మాకు కొత్త అకౌంటేదీ లేదు. ఆయనకొచ్చిన మెయిల్ తెప్పించి చూశాను. ఫ్రమ్‌లో మా అకౌంట్స్ అడ్రస్సే ఉంది, అక్షరం తేడా లేదు.

ఆ సాయంత్రం అందరూ వెళ్ళాక ఆ మెయిల్ బాక్స్ తెరిచాను. నాలుగు వందల పైచిలుకు రిపోర్టులు, ఒక్కటీ చదివింది లేదు. వెనక్కి వెళ్తూ ఒక్కోటి విప్పాను. మోసం జరగడానికి మూడు వారాల ముందు రిపోర్టులో మాది కాని ఐపీ (మెయిల్ పంపిన సర్వర్ నంబర్) ఒకటి కనపడింది. కౌంట్ 2. ఎస్‌పీఎఫ్ ఫెయిల్, డీకిమ్ ఫెయిల్. ఏం చర్య తీసుకున్నారు అన్న చోట ‘నన్’. అంటే వాడు ముందు రెండు మెయిళ్ళు వదిలి చూసుకున్నాడు. ఎవరూ ఆపలేదు, ఆపొద్దని రాసిందే నేను. మర్నాడు ఆయనకి ఫోన్ చేస్తే, "మీ పేరు చూసే కట్టానమ్మా" అన్నారు. అరిచినా బాగుండేది. ఆయన అరవలేదు.

ఇది చదివి ఇవాళే రిజెక్ట్ పెట్టేస్తావేమో, నీ తొందర నాకు తెలుసు! ఆగు. ముందు నీ పేరుతో మెయిల్ పంపేవన్నీ కాగితం మీద రాసుకో. ఇన్‌వాయిస్ సాఫ్ట్‌వేర్, న్యూస్‌లెటర్, వెబ్‌సైట్‌లో కాంటాక్ట్ ఫారం. ఆ ఫారాన్ని అందరూ మర్చిపోతారు. ఒక్కోదానికీ నీ డొమైన్‌తోనే డీకిమ్ సంతకం పడేలా చూడు. ఫార్వర్డ్ అయితే ఎస్‌పీఎఫ్ ఎలాగూ తెగిపోతుంది, సంతకం చాలావరకు నిలుస్తుంది. రిపోర్టుల్లో నీవన్నీ పాసవుతున్నాయని తేలాక క్వారంటైన్, అక్కడా గొడవ లేకపోతే రిజెక్ట్. తేదీ క్యాలెండర్‌లో ఇప్పుడే వేసుకో. నాలా "ఒక నెల చూద్దాం" అనకు.

ఇంకోటి. రిజెక్ట్ పెట్టినా, నీ డొమైన్‌లో ఒక అక్షరం మార్చి కొనుక్కున్నవాడిని డీమార్క్ ఏమీ చెయ్యలేదు. అందుకే బ్యాంక్ అకౌంట్ మార్పు మీరు ఎప్పుడూ మెయిల్‌లో చెప్పరని, అలాంటి మెయిల్ వస్తే మీ పాత నంబర్‌కి ఫోన్ చేసి అడగమని కస్టమర్లకి మొదటి రోజే చెప్పెయ్యి.

చిన్నప్పుడు నా కీబోర్డ్ మీద కూర్చునేదానివి, ఇప్పుడు నీకే ఒక కంపెనీ. నామీద చిరాకు పడితే పడు, నేను అడిగేది మాత్రం ఆపను.

రిపోర్టులకి నా అడ్రస్ రాయకు. వేరే డొమైన్ అడ్రస్ ఇస్తే, ఒప్పుకుంటున్నామని ఆ డొమైన్‌లో కూడా రికార్డు ఉండాలి, లేకపోతే పంపరు. నీ డొమైన్‌లోనే ఒక బాక్స్ పెట్టుకుని, మొదటి నెల వచ్చినవి ప్రతి సోమవారం నాకు ఫార్వర్డ్ చెయ్యి. జిప్ విప్పకుండానే పంపు, నేనే విప్పుకుంటాను.

మీ పెద్దమ్మ